మీ వాకిట్లో పరిచిన రాయి ఏ కొండది?

మొన్న ఆదివారం ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. విశాఖలో ఇల్లు కట్టుకుంటున్నాడు. మన సభలకి వస్తాడు, ఆగస్టు 9న ర్యాలీలో ముందు నడుస్తాడు, బాక్సైట్ మీద మనం రాసిన ప్రతి పోస్టూ షేర్ చేస్తాడు. "అన్నా, ఇల్లు అయిపోవచ్చింది. గేటు దగ్గర్నించి కారు వెళ్ళే దారి, పక్కన నడిచే బాట, వెనకాల సాయంత్రం కూర్చోడానికి చిన్న అరుగు, అవే మిగిలాయి. కాంట్రాక్టరు నాలుగు రకాల రాళ్ళు చూపించాడు. ఏది వేయించమంటావు? కొండ మీదోడివి, రాళ్ళ సంగతి నీకు తెలియకపోతే ఎవడికి తెలుస్తాది" అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను. నవ్వి ఒక్కటే అడిగాను. "ఆ నాలుగూ ఏ ఊరి నుంచి వచ్చాయంట?"

కాసేపు మాట్లాడలేదు. చదరపు అడుగు ఎంతో తెలుసు. రంగు తెలుసు. పాలిష్ ఎన్నాళ్ళు నిలబడుతుందో తెలుసు. ఊరు పేరు మాత్రం తెలీదు. పక్కనే ఉన్న కాంట్రాక్టరుని అడిగితే "యార్డు నుంచి సార్" అన్నాడు. ఫోన్లో నాకూ వినపడింది.

యార్డులో రాయి పుట్టదు కదా. బియ్యం ఏ జిల్లావో అడుగుతాం, మామిడిపళ్ళు ఏ తోటవో అడుగుతాం, అరకు కాఫీ అయితే డబ్బా మీద ఊరు పేరు చూసి మరీ కొంటాం. ముప్పై ఏళ్ళు కాళ్ళ కింద ఉండే రాయిని మాత్రం ఎక్కడిదని అడగం. ఈ వ్యాసం ఆ మిత్రుడి కోసం, అతనిలాంటి మద్దతుదారుల కోసం. మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళ కోసం కూడా. వాళ్ళకి చెప్పాల్సిన మాట కొంచెం చేదుగా ఉంటుంది, చివర్లో చెప్తాను.

రాయికి మన పేరుంది

ముందు ఒక సంగతి. తూర్పు కనుమల్లో మన కొండలు ఎక్కువగా రెండు రకాల రాళ్ళతో ఉన్నాయి. ఒకదాని పేరు చార్నొకైట్. రెండోదాని పేరు ఖోండలైట్.

చార్నొకైట్‌కి ఆ పేరు 1893లో హాలండ్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త పెట్టాడు. ఎవరి పేరు? జాబ్ చార్నాక్ అని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, కలకత్తా నగరాన్ని స్థాపించాడని చెప్పుకునేవాడు. అతని సమాధి మీద పరిచిన పలక ఈ రాయిదే. ఒక కంపెనీ దొర గోరీ మీద ఉంది కాబట్టి, కోట్ల సంవత్సరాలుగా ఉన్న రాయికి ఆ దొర పేరు వచ్చింది.

ఖోండలైట్‌కి ఆ పేరు 1902లో వాకర్ అనే ఆయన పెట్టాడు. ఒడిశాలోని కలహండి కొండలు సర్వే చేస్తూ, అక్కడ బతికే ఖోండుల పేరు ఆ రాయికి పెట్టాడు. ఖోండులంటే వేరెవరో కాదు. మన మన్యంలో కోదులు అంటాం, ఒడిశాలో కొంధ్‌లు అంటారు. కోణార్క సూర్యదేవాలయం కట్టింది ఈ రాయితోనే. మన కొండల నెత్తిన బాక్సైట్ తయారైంది కూడా ఎక్కువగా ఈ రాయి లక్షల ఏళ్ళు ఎండకీ వానకీ మాగితేనే.

అంటే ప్రపంచంలో ఏ భూగర్భ శాస్త్రం క్లాసులోకి వెళ్ళినా ఆ రాయిని మన పేరుతోనే పిలవాలి. పుస్తకంలో మన పేరుంది. మరి లీజు కాగితంలో, పర్మిట్‌లో, బిల్లులో మన పేరు ఎక్కడ? చార్నాక్ దొర ఆ రాయి కింద పడుకున్నాడు, పేరు మిగుల్చుకున్నాడు. మనం ఆ రాయి మీద బతుకుతున్నాం, పేరు తప్ప ఏమీ మిగల్లేదు.

"చిన్న" ఖనిజం అనే పెద్ద మోసం

బాక్సైట్ అంటే దేశమంతా లేస్తుంది. పేపర్లో వస్తుంది, ఢిల్లీ నుంచి లాయర్లు వస్తారు. కానీ కంకర, గ్రావెల్, నల్లరాయి, గ్రానైట్ అంటే ఎవరూ లేవరు. ఎందుకంటే చట్టం వాటికి పెట్టిన పేరే "చిన్న తరహా ఖనిజాలు". 1957 నాటి గనుల చట్టం ఇంటి రాళ్ళనీ గ్రావెల్‌నీ మామూలు ఇసుకనీ ఈ జాబితాలో వేసి, వాటి రూల్స్ రాసుకునే అధికారం రాష్ట్రాలకి ఇచ్చింది.

2015 ఫిబ్రవరిలో కేంద్రం ఇంకో 31 ఖనిజాలని ఈ చిన్న జాబితాలోకి దించింది. అందులో లేటరైట్ ఉంది. కాల్సైట్ కూడా ఉంది. కాల్సైట్ అంటే గుర్తొచ్చిందా? బొర్రా పంచాయతీ, అనంతగిరి మండలం. సమతా కేసు నడిచింది ఆ కాల్సైట్ తవ్వకాల మీదే. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఏం చెప్పింది? షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా సరే, ఆదివాసీ కానివాడికి లీజుకి ఇవ్వకూడదు. 1/70 చట్టంలో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా వస్తుంది. తవ్వితే ప్రభుత్వ సంస్థ తవ్వాలి, లేదా ఆదివాసీల సహకార సంఘం తవ్వాలి. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతానికే కేటాయించాలి. ఇంత తీర్పు ఏ ఖనిజం మీద వచ్చిందో ఆ ఖనిజం ఇవాళ కాగితాల్లో "చిన్నది".

చిన్నది అన్నంత మాత్రాన తీర్పు పోదు. 1/70 పోదు. పీసా చట్టం అయితే చిన్న ఖనిజాల పేరెత్తి మరీ మాట్లాడింది. 1996 పీసా చట్టం సెక్షన్ 4లో రెండు క్లాజులు ఉన్నాయి, (కె), (ఎల్). షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న తరహా ఖనిజాలకి లీజు ఇచ్చే ముందు గానీ, వేలం వేసే ముందు గానీ, గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. "ముందు" అన్న మాట గుర్తుపెట్టుకోండి. తవ్వడం మొదలయ్యాక సంతకాలు సేకరించడం కాదు.

ఆ వాక్యంలో "లేదా" అని ఒక మాట ఉంది చూశారా? మన కొండలు కారిపోతున్న చిల్లు అదే. వందమంది కూర్చుని వద్దనే గ్రామసభ ఒకవైపు, ఆఫీసు గదిలో నలుగురు కూర్చుని సరేననే పంచాయతీ ఇంకోవైపు. ఏ వైపు సులువో లారీల వాళ్ళకి తెలుసు. అందుకే మన డిమాండు సూటిగా ఉండాలి: సిఫారసు గ్రామసభదే, అది ఆ గూడెంలోనే, ఆ గూడెం భాషలోనే జరగాలి.

నియంగిరిలో జరిగింది అదే కదా. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మీరే తేల్చుకోండని గ్రామసభలకి వదిలేసింది. 12 పల్లెలు కూర్చున్నాయి. 12కి 12 వద్దన్నాయి. అక్కడున్నది డోంగ్రియా కోదులు. ఆ కొండ రాయికి పేరిచ్చిన జనం. అడిగితే చెప్పగలరని రుజువైంది. అడక్కపోవడమే సమస్య.

చిన్న క్వారీ ఏం చేస్తుంది?

పట్నంలో ఉన్న మిత్రులకి ఇది తెలియాలి. మన గూడేలకి చాలాచోట్ల నీళ్ళు బోరు నుంచి రావు. కొండ వాన నీటిని పీల్చుకుని, పగిలిన రాతి పొరల్లో దాచుకుని, వేసవిలో ఊటగా వదులుతుంది. ఆ ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి పైపు వేస్తే గూడేనికి నీళ్ళు దిగుతాయి. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. కొండ పొరలు పేలుడు మందుతో కదిలిస్తే ఊట దారి మారుతుంది, లేదా ఆగిపోతుంది. ఇంజనీరు వచ్చి కొలిచేటప్పటికి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని అవతలి గెడ్డకి నడుస్తూ ఉంటారు.

క్రషర్ దుమ్ము జీడి పూత మీద పడుతుంది, మిరియం పాదు ఆకుల మీద పడుతుంది. మనిషి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. ఈ రాళ్ళల్లో క్వార్ట్జ్ ఉంటుంది. ఆ సన్నటి దుమ్ము పీలిస్తే వచ్చే జబ్బు సిలికోసిస్. దానికి మందు లేదు. చాలాచోట్ల టీబీ అని రాసి మందులు మింగిస్తారు. తగ్గదు. పని మానేసినా ముదురుతుంది. ఆ మనిషి ఏ క్వారీలో పని చేశాడో మస్టర్‌లో ఉండదు కాబట్టి నష్టపరిహారం కూడా రాదు.

ఇంకో దృశ్యం మన ప్రాంతంలో ఎవరైనా చూడొచ్చు. క్వారీ దాకా లారీ వెళ్ళే దారి ఉంటుంది. క్వారీ దాటి పైన ఉన్న గూడేనికి దారి ఉండదు. నొప్పులొస్తున్న ఆడబిడ్డని డోలీలో మోసుకుని దిగుతారు. ఎదురుగా ఆ కొండ రాయే లారీలో కిందకి దిగుతుంది, ఎవరింటి ముందో పరుచుకోడానికి. మన కొండ రాయి పట్నంలో కారు తిరగడానికి పనికొచ్చింది, మన గూడేనికి అంబులెన్సు రావడానికి పనికి రాలేదు.

"మీకు మాత్రం రోడ్డు వద్దా?"

ఈ ప్రశ్న వేస్తారు. కామెంట్లలో కూడా వేస్తారు. "మీ ఊరికి సీసీ రోడ్డు కావాలంటారు, స్కూలు బిల్డింగు కావాలంటారు, కంకర మాత్రం తియ్యొద్దంటారు."

కావాలి. రోడ్డు కావాలి, కంకర లేకుండా రోడ్డు పడదు, అది మాకూ తెలుసు. రాయిని వాడొద్దని మేం ఎప్పుడూ అనలేదు. తిరగలి రాతిదే, రోలు రాతిదే, మా పెద్దల్ని తల్చుకునే చోట నిలబెట్టేదీ రాయే. మేం అడిగేది ఒకటే: ఎంత తియ్యాలి, ఎక్కడ తియ్యాలి, ఎవరు తియ్యాలి, వచ్చింది ఎవరికి పోవాలి? ఈ నాలుగూ గ్రామసభ తేల్చాలి. ఊరి రోడ్డుకి పది లారీల కంకర కావాలంటే, ఊట లేని పక్కన చూసి తీసుకోండని గ్రామసభే చోటు చూపిస్తుంది. ఆదివాసీ సంఘం క్వారీ నడుపుకుంటానంటే చట్టం వద్దనదు. నడపాలా వద్దా అన్నది ఆ ఊరి ఇష్టం. "వద్దు" అనే హక్కు లేకపోతే "సరే" అన్న మాటకి విలువేముంది?

మరి ఏ రాయి వెయ్యాలి?

మిత్రుడికి సమాధానం చెప్పాలి కదా. నినాదం ఇచ్చి ఫోన్ పెట్టెయ్యడం మర్యాద కాదు. నేను చెప్పింది ఇది.

మొదటిది: మొత్తం కప్పెయ్యాలా? జాగా అంతా రాయి పరిస్తే వాన నీరు భూమిలోకి దిగదు, వీధిలోకి పోతుంది. ఎండాకాలం నల్లరాయి మీద చెప్పుల్లేకుండా నడవలేవు. కారుకి కావాల్సింది రెండు చక్రాల దారి. రెండు పట్టీలుగా బండలు పరిచి మధ్యలో గడ్డి వదిలెయ్యి. నడిచే బాటకి అడుగుకో పలక చాలు. వెనకాల అరుగుకి మట్టీ ఇటుకా చాలు. తక్కువ రాయి వాడటమే అన్నిటికన్నా మంచి ఎంపిక.

రెండోది: పాత రాయి చూడు. పాత ఇళ్ళు పడగొట్టిన చోట నాపరాళ్ళు, కడప బండలు, అరుగు రాళ్ళు దొరుకుతాయి. అరిగి నున్నబడ్డాయని జనం వద్దంటారు. వెనక్కి తిప్పి పరిస్తే ఇంకో తరం నడుస్తాయి. వాటి కోసం ఏ కొండా కొత్తగా పగలదు.

మూడోది: కొత్త నాపరాయే కావాలంటే తాండూరు, బేతంచర్ల, మాచర్ల పేర్లు అందరికీ తెలిసినవే. ఇవి సున్నపురాళ్ళు, పొరలు పొరలుగా లేస్తాయి కాబట్టి పలక తియ్యడం తేలిక. ఆరుబయట వేస్తే పాలిష్ చెయ్యించకు, గరుకుగా వదిలెయ్యి. యాసిడ్ పోసి కడగొద్దు, సున్నపురాయిని యాసిడ్ తినేస్తుంది. కారు ఎక్కే చోట మందం పలక వేసి, కింద ఇసుక బాగా దిమ్మిస కొట్టించాలి, లేదంటే విరిగిపోద్ది. ఇవి షెడ్యూల్డ్ ప్రాంతపు రాళ్ళు కావు గానీ అక్కడా దుమ్ము పీల్చేది కూలీలే. వాళ్ళ గురించి కూడా అడుగు.

నాలుగోది: గ్రానైట్. చీమకుర్తి గెలాక్సీ దేశాలన్నీ తిరుగుతోంది, డల్లాస్‌లో మన తెలుగువాళ్ళ వంటింట్లో కూడా ఉంది. అద్దంలాంటి గ్రానైట్ బయట వేస్తే వానకి జారిపడతారు. గ్రానైటే కావాలంటే కటింగ్ ఫ్యాక్టరీల బయట గుట్టలుగా పడేసిన ముక్కలు తెచ్చి గరుకు వైపు పైకి పెట్టి పరుచు. చూడ్డానికీ బావుంటుంది, ఖర్చూ తక్కువ.

అయిదోది: ఇంటర్‌లాక్ బ్లాకులు. "ఇవి సిమెంటువి కదా అన్నా, కొండకేం సంబంధం" అన్నాడు. బ్లాకులో సిమెంటు కొంతే, మిగతాదంతా కంకర చిప్స్, రోబో శాండ్, క్రషర్ డస్ట్. కారు తిరిగే చోట 60 మిల్లీమీటర్ల మందం బ్లాకు వేస్తారు. అంత మందాన కొండని పొడి చేసి, మళ్ళీ అచ్చు పోసి పరుస్తున్నావన్నమాట. కాబట్టి ఇక్కడ కూడా అదే ప్రశ్న: కంకర ఏ క్వారీది?

ఏ రాయి అయినా లారీతో పాటు గనుల శాఖ రవాణా పర్మిట్ ఉండాలి. అది చూపించమను. చూపించకపోతే దొంగ రాయి. చూపిస్తే అందులో క్వారీ ఊరు ఉంటుంది. ఆ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలోదైతే, గ్రామసభ తీర్మానం ఉందా అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టు. పది రూపాయల పని. మన సభకొచ్చి పట్టే జెండా కన్నా ఆ దరఖాస్తు బరువెక్కువ. ఇలా అడిగేవాళ్ళు పెరిగితే యార్డు వాడు ఊరు పేరు నేర్చుకుంటాడు. నేర్చుకోకపోతే వ్యాపారం పోతుంది.

ఇంజనీరింగ్ చదివి సైట్లలో పని చేస్తున్న మన పిల్లలకి ఇంకో పని. ఆశ్రమ పాఠశాల ఆవరణకి, ఐటీడీఏ ఆఫీసు ముంగిలికి బ్లాకులు పరుస్తున్నప్పుడు ఎస్టిమేట్‌లో "కంకర" అని రాసి వదిలెయ్యకండి, ఏ క్వారీదో రాయించండి. ఆదివాసీ పిల్లలు ఆడుకునే చోటే, గ్రామసభ ఒప్పుకోని రాయి పరిస్తే ఇంకెవర్ని అడుగుతాం?

ఇప్పుడు ఆ చేదు మాట

తమ్ముడూ, చెల్లీ, ఇది మనలో మన మాట.

సమతా తీర్పు తర్వాత, 1/70 ఉండగా, ఆదివాసీ కానివాడు మన కొండలో లీజు ఎలా తీసుకుంటున్నాడు? మన పేరుతో. లీజు కాగితం మీద మన కుర్రాడి పేరు ఉంటుంది, కుల ధ్రువీకరణ పత్రం మన కుర్రాడిది, సంతకం మన కుర్రాడిది. జేసీబీ, క్రషర్, లారీలు, బ్యాంకు ఖాతా మాత్రం ఇంకొకడివి. నెలకింత ఇస్తామంటారు, బండి కొనిస్తామంటారు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నవాడికి ఆ మాట తియ్యగా ఉంటుంది. ఆ ఆకలి నాకు తెలుసు, నేను ఎగతాళి చెయ్యను.

కానీ రేపు పేలుడులో ఎవడైనా పోతే కేసు ఎవరి మీద? లీజుదారుడి మీద. పర్మిట్‌కి మించి తవ్వారని జరిమానా వేస్తే కట్టాల్సింది ఎవరు? లీజుదారుడు. కాంట్రాక్టరు ఎక్కడా కనపడడు, ఎందుకంటే అతను కాగితంలో లేనే లేడు. మన తాతలు తన్నులు తిని తెచ్చుకున్న చట్టానికి తాళం చెవి మన కులపత్రమే. దాన్ని అద్దెకిస్తే తలుపు తీసింది మనమే అవుతాం.

సంతకం అడగడానికి ఎవరైనా వస్తే నాలుగు పనులు చెయ్యండి. ఒకటి, ఒంటరిగా సంతకం పెట్టొద్దు, గ్రామసభలో మాట పెట్టండి. రెండు, కాగితం ఫోటో తీసుకుని మన సంఘంలో చదివించుకోండి. మూడు, ఇప్పటికే పెట్టేసి ఉంటే సిగ్గుపడి దాచొద్దు, బయటికి చెప్పండి, మేం పక్కన నిలబడతాం. నాలుగు, మీ ఊరి చుట్టూ ఉన్న ప్రతి క్వారీ లీజు ఎవరి పేరున ఉందో సమాచార హక్కులో తీసి గ్రామసభలో చదవండి. గట్టిగా చదవండి, ముసలమ్మలకి కూడా వినపడేలా.

చివరగా

నా మిత్రుడు వారం తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడు. రెండు పట్టీల దారే వేయించుకున్నాడు, పడగొట్టిన పాత ఇంటి నాపరాళ్ళతో. ఇంట్లోవాళ్ళు మొదట గొణిగారంట. చుట్టాలు "డబ్బుల్లేవా" అన్నారంట. "కొండ లేదు, అందుకని" అని చెప్పాడంట.

ఒక ఇంటి వాకిలితో కొండ ఆగదు, నాకూ తెలుసు. కానీ ఇన్నాళ్ళూ మన కొండ పోతున్నది ఇలాంటి వాకిళ్ళ లెక్కనే. చిన్న ఖనిజం, చిన్న క్వారీ, చిన్న సంతకం, చిన్న బాట. అన్నీ చిన్నవే. పోయిన కొండ మాత్రం చిన్నది కాదు.

రాయికి మన పేరు పెట్టి వందేళ్ళు దాటింది. ఇక ఆ పేరుకి హక్కు కావాలి. గ్రామసభ చెప్పిందే మాట, మా ఊళ్ళో మా రాజ్యం.

జోహార్. ఈ వ్యాసాన్ని ఇల్లు కట్టుకుంటున్న మీ మిత్రుడికి ఒకరికి పంపండి. లీజు సంతకం పెట్టబోతున్న మీ తమ్ముడికి ఒకరికి చదివి వినిపించండి.